నాయినకు వణుకుడు రోగం, మరి మాకు?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, దేవరకొండకూ మర్రిగూడకూ మధ్యలో ఒక ఊరు. నాకు 29 ఏళ్లు. ఎల్బీనగర్‌లో రూమ్ తీసుకుని ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మా నాయినకు 58. ఆరేళ్ల కింద కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని కొన్నాళ్లు సూదులు వేశాడు. తర్వాత హైదరాబాద్‌లో చూపిస్తే పార్కిన్సన్స్ అన్నారు. మాత్రలు వాడుతున్నాడు. బత్తాయి తోట పని మానేశాడు. మొన్న బ్యాంకులో సంతకం కలవడం లేదని వేలిముద్ర వేయించారు. మా పెదనాయినకు కూడా ఇట్లాగే వణుకు ఉండేది. 66 ఏళ్లప్పుడు మొదలైంది, 74లో పోయాడు.

ఈమధ్య చెకప్‌కు పోతే డాక్టరుగారు "మీ ఇంట్లో ఇద్దరికి ఉంది కదా, జన్యువుల మీద పరిశోధన జరుగుతోంది, మీ నాయిన రక్తం, మీ రక్తం ఇస్తారా" అని అడిగారు. అమ్మ వద్దే వద్దంటోంది. చెల్లెకు మేనబావతో, అంటే మా మేనమామ కొడుకుతో, సంబంధం అనుకుంటున్నాం. ఇది బయటపడితే చెడిపోతుందని అమ్మ భయం. ఊళ్లో వాళ్లేమో ఇదంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటారు. నాకు కూడా చాయ్ గ్లాసు పట్టుకుంటే చెయ్యి సన్నగా వణుకుతున్నట్టు అనిపిస్తోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఉమ్మి పంపిస్తే జీన్ టెస్టు చేస్తామని ఆన్‌లైన్‌లో ప్రకటనలు వస్తున్నాయి. చేయించుకోనా? ఆ పరిశోధనకు రక్తం ఇవ్వాలా వద్దా? మాకూ వస్తుందా?

సమాధానం: ముందు చాయ్ గ్లాసు సంగతి తేల్చేద్దాం, లేకపోతే మిగతాదేదీ మీ చెవికెక్కదు. పార్కిన్సన్స్ వణుకు ఎక్కువగా చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వస్తుంది. ఒళ్లో పెట్టుకున్న చెయ్యి, బీడీ చుడుతున్నట్టు బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటూ, తనంతట తానే ఆడుతుంటుంది. గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపగానే తగ్గుతుంది. మీ నాయినను గమనించి చూడండి. మీది దానికి తలకిందులు. పట్టుకుంటేనే వణుకుతోంది. మీ వయసులో ఇలాంటి సన్న వణుకు టెన్షన్ వల్ల వస్తుంది, నిద్ర లేకపోతే వస్తుంది, రోజుకు ఆరేడు చాయ్‌లు తాగితే వస్తుంది, థైరాయిడ్ ఎక్కువైతే వస్తుంది. థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు పట్టుకుని ఒకసారి డాక్టరుకు చెయ్యి చూపించండి. సాయంత్రం నాలుగు దాటాక చాయ్ ఆపండి. ఇంతకంటే దీని గురించి రాయను.

ఇక అసలు విషయం. జన్యువును వెతికే ముందు రోగం అదేనా కాదా చూసుకోవాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. మిర్యాలగూడలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక పెద్దావిడ వచ్చేది. నడక నెమ్మదించింది, ముఖంలో కదలిక లేదు, రెండు చేతులూ వణుకుతున్నాయి. పార్కిన్సన్స్ అనేసి మందు రాశాను. ఏడాదైనా పెద్దగా గుణం లేదు. ఒకనాడు కోడలు ఆమె గుడ్డసంచిని నా బల్ల మీద బోర్లించింది. కళ్లజోడు, వక్కల డబ్బా, బస్సు టికెట్లు, వాటి మధ్యలో సిన్నరిజిన్ మాత్రల అట్టలు. ఎప్పుడో తల తిరుగుతోందంటే ఎవరో రాశారట. తగ్గినా మానకుండా మూడేళ్లుగా మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకుంటోంది. ఆ మందు ఎక్కువకాలం వాడితే కొందరిలో అచ్చం పార్కిన్సన్స్ లాగే కనిపిస్తుంది. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు కూడా అంతే. మాత్ర ఆపించాం. నాలుగైదు నెలల్లో ఆమె తన జడ తానే వేసుకుంది. నేను మొదటిరోజే సంచి అడగాల్సింది. ఆ ఏడాది పొడుగునా ఆమె కొడుకు నన్ను అడిగింది మీరిప్పుడు అడిగిన ప్రశ్నే: "మాకూ వస్తదా సార్?"

మీ నాయిన విషయంలో హైదరాబాద్ డాక్టరు చూశారు, ఆరేళ్లుగా మందు వాడుతున్నారు కాబట్టి ఆ అనుమానం తక్కువ. నాకు అనుమానమల్లా మీ పెదనాయిన గురించి. ఆయనను న్యూరాలజిస్టు చూశారో లేదో మీరు రాయలేదు. పెద్దమ్మను కూర్చోబెట్టి అడగండి. వణుకు చెయ్యి ఊరికే పెట్టినప్పుడా, బువ్వ తినేటప్పుడా? మొదట ఒకవైపే వచ్చి, తర్వాత రెండోవైపు వచ్చిందా? అడుగులు చిన్నవై, కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయేవాడా? వాసన తెలియడం లేదని కూరల్లో పస లేదనేవాడా? నిద్రలో అరిచి, చేతులు విసిరి పక్కనున్న మనిషిని కొట్టేవాడా? ఈ చివరి రెండూ చాలాసార్లు వణుకు కంటే ఏళ్ల ముందే వస్తాయి. ఇంటి ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియవు. ఆయన వణుకు అన్నం ముద్ద ఎత్తినప్పుడు మాత్రమే వచ్చేదైతే అది ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే జబ్బు కావచ్చు. అదీ ఇళ్లల్లో తరతరాలుగా నడుస్తుంది కానీ, మనిషిని మంచాన పడేయదు. అలాగైతే "ఇంట్లో ఇద్దరికి" అనే మీ లెక్కే మారిపోతుంది.

ఫ్లోరైడ్ మాట. మర్రిగూడ పక్కనే పుట్టినవాళ్లకు దాని గురించి నేను చెప్పాలా? పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగని నడుము, తిరగని మెడ, చాపలేని మోకాళ్లు. ఎముకలు చిక్కబడి, కీళ్ల దగ్గర ఎముకలను కలిపి ఉంచే పట్టీలు గట్టిపడి మనిషి కొయ్యలా అవుతాడు. వెన్నుపూసలో నరం మీద ఒత్తిడి పడితే కాళ్లు బిగుసుకుపోతాయి. దూరం నుంచి చూస్తే పార్కిన్సన్స్ మనిషిలాగే ఉంటాడు. కానీ ఒళ్లో పెట్టుకున్న చెయ్యి బీడీ చుట్టినట్టు ఆడడం ఫ్లోరోసిస్ లక్షణం కాదు. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్రకు ఫ్లోరోసిస్ ఒక్క పిసరు కూడా తగ్గదు. మీ నాయినకు మాత్ర పనిచేస్తోందంటే రోగం మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలకు సంబంధించినదే.

అయినా ఊరివాళ్లు తెలియక పట్టుకున్న కొస ఒకటుంది. ఫ్లోరోసిస్ తాతకు, తండ్రికి, కొడుకుకు వరుసగా వచ్చిన ఇళ్లు మన జిల్లాలో ఎన్ని లేవు? అది రక్తంలో వచ్చిందా? లేదు, ఒకే బోరు నీళ్లు తాగారు కాబట్టి వచ్చింది. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు చూడండి, తేడా తెలుస్తుంది. ఇంట్లో ఇద్దరికి ఒకే రోగం వచ్చిందంటే జన్యువే కావాలని లేదు. అన్నదమ్ములు ఒకే తల్లి కడుపున పుట్టారు, నిజమే. ఒకే బాయి నీళ్లు తాగారు, ఒకే తోటలో ఒకే పంపుతో మందు కొట్టారు కూడా. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు కల్తీ మత్తుమందు ఎక్కించుకుని రోజుల వ్యవధిలోనే పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. అందులో ఎంపీటీపీ అనే పదార్థం ఉందని తేలింది. అది ఒంట్లోకి వెళ్లాక మారే రూపానికీ, మన రైతులు గడ్డిమందుగా కొడుతూ వచ్చిన పారాక్వాట్‌కూ రసాయన నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది. పురుగుమందులతో ఎక్కువకాలం పనిచేసినవాళ్లలో పార్కిన్సన్స్ కొంత ఎక్కువని చాలా దేశాల అధ్యయనాల్లో కనిపించింది. మీ నాయినకు దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. ఆ తోట ఇప్పుడు ఎవరు చూస్తున్నారో వాళ్లకు మాత్రం చేతి తొడుగులు, మూతికి మాస్కు, ఒంటి నిండా బట్ట లేకుండా తైవాన్ పంపు భుజానికెత్తుకోవద్దని చెప్పండి.

మరి జన్యువుల పాత్ర ఎంత? ఎవుసం చేసే ఇంటివారు కాబట్టి వరి మాటల్లో చెబుతాను. సాంబ మసూరికి అగ్గితెగులు తొందరగా అంటుకుంటుందని ప్రతి రైతుకూ తెలుసు. అలాగని వేసిన ప్రతి మడీ పోతుందా? చలి, మంచు, ఎక్కువైన యూరియా, అన్నీ కుదిరినప్పుడే తెగులు లేస్తుంది. విత్తనంలో ఉన్నది లొంగే గుణమే. చాలామందిలో పార్కిన్సన్స్ ఇలాంటిదే. ఒక్కొక్కటీ పిసరంత బలమున్న చిన్నచిన్న మార్పులు డజన్లకొద్దీ, వాటికి వయసు, వాతావరణం తోడు. కొద్దిమందిలో మాత్రం ఒకే ఒక్క జన్యువులో పెద్ద లోపం ఉంటుంది. మొత్తం రోగుల్లో ఇలాంటివారు వందకు ఐదు నుంచి పదిమంది.

ఆ కొద్దిమందే తలుపు తీశారు. ఇటలీలో కొంటూర్సి అనే ఊరుంది. అక్కడి ఒక కుటుంబంలో, అమెరికాకు వలసపోయిన శాఖతో కలిపి, తరతరాలుగా పదులకొద్దీ మనుషులకు ఈ రోగం వచ్చింది. డాక్టర్లు ఎవరికి ఎవరు ఏమవుతారో పెద్ద పటం గీశారు. రోగం ఉన్నవాళ్ల రక్తం, లేనివాళ్ల రక్తం రెండూ తీసుకుని, ఉన్నవాళ్లందరిలో ఉండి, లేనివాళ్లలో లేని ముక్క ఏదో వెతికారు. 1997లో దొరికింది. నాలుగో క్రోమోజోమ్ మీద ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. అప్పటివరకు ఆ ప్రోటీన్‌కూ ఈ రోగానికీ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. అదే ఏడాది ఇంకో బృందం మామూలు రోగుల మెదళ్లు పరీక్షించింది, అంటే ఇంట్లో ఇంకెవరికీ లేకుండా ఒంటరిగా రోగం వచ్చినవాళ్లవి. వాళ్ల మెదడు కణాల్లో కనిపించే ఉండల్లో నిండా ఉన్నది ఆ ప్రోటీనే. ఒక ఊరి కుటుంబం ఇచ్చిన రక్తం ప్రపంచంలోని రోగులందరి గుట్టు విప్పింది. ఆ డాక్టరుగారు మీ ఇంటి రక్తం ఎందుకు అడుగుతున్నారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఆ మరుసటి ఏడాది, 1998లో, జపాన్‌లో పార్కిన్ అనే జన్యువు బయటపడింది. దీని దారి వేరు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే రోగం. చిన్న వయసులోనే, చాలాసార్లు 40లోపే మొదలవుతుంది. దగ్గరి చుట్టాల్లో పెళ్లిళ్లు చేసుకునే కుటుంబాల్లో ఇలాంటివి ఎక్కువగా బయటపడతాయి. మేనరికాల మన జిల్లాలకు ఇది దగ్గరి మాట. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఒక్కో కుటుంబాన్ని పట్టుకుని వెతకడం ఒక పద్ధతి. రెండోది జనాన్ని గంపగుత్తగా పోల్చడం. 2019లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 37 వేలమందికి పైగా రోగులను, 14 లక్షల మంది రోగం లేనివాళ్లను పోల్చి, రోగుల్లో కొంచెం ఎక్కువగా కనిపించే 90 జన్యు గుర్తులను పట్టుకున్నారు. అన్నీ కలిపినా రక్తంలో వచ్చే ముప్పులో వందకు 16 నుంచి 36 వంతులు మాత్రమే లెక్క తేలింది. ఇందులో ఇంకో చిక్కుంది. ఆ రక్తమంతా యూరప్ మూలాలవాళ్లది. యూదుల్లో, ఉత్తర ఆఫ్రికా అరబ్బుల్లో ఎక్కువగా కనిపించే, ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే జన్యువులోని ఒక మార్పు మన దేశపు రోగుల్లో చాలా అరుదు. 2023లో నైజీరియా రోగుల రక్తం చూస్తే జీబీఏ అనే జన్యువులో యూరప్‌వాళ్లలో దాదాపుగా కనిపించని మార్పు దొరికింది. అక్కడ వెతికారు కాబట్టి దొరికింది. మన దగ్గర వెతికింది తక్కువ. దేశవ్యాప్తంగా పదివేల మంది జన్యుపటాలు తీసిన జీనోమ్ ఇండియా సమాచారం పరిశోధకుల చేతికి అందింది 2025 జనవరిలోనే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆన్‌లైన్ ఉమ్మి టెస్టు గురించి నా జవాబు ఇందులోనే ఉంది. వాళ్లు మీ ఉమ్మిని పోల్చేది ఎక్కువగా ఎక్కడివాళ్ల రక్తంతోనో తయారైన పట్టికతో. "మీకు ముప్పు సగటు కంటే 1.3 రెట్లు" అని రంగురంగుల కాగితం వస్తుంది. దానితో మీరు చేయగలిగిందేమీ లేదు, ఇంకో వారం నిద్ర పోగొట్టుకోవడం తప్ప. వద్దు.

ఆసుపత్రిలో చేసే జీన్ టెస్టు వేరు. అది కూడా మొదట మీకు కాదు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి: జన్యు పరీక్ష ఎప్పుడూ రోగం ఉన్న మనిషితోనే మొదలుపెట్టాలి. మీకు చేసి ఏమీ కనబడలేదనుకుందాం. నాయినకున్న లోపం మీకు రాలేదని అర్థమా, లేక నాయినకు కూడా అలాంటి లోపమేదీ లేదా? చెప్పలేం. ఏదో ఒక మార్పు కనిపించిందనుకుందాం, అది రోగం తెచ్చేదా, మీ జుట్టు రంగులా ఊరికే ఉండేదా? అదీ చెప్పలేం. "అర్థం తేలని మార్పు" అని రాసి ఇస్తారు. మన జనం వివరాలు పట్టికల్లో తక్కువ కాబట్టి తెలుగువాళ్లకు ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. అదే నాయినకు చేసి ఫలానా లోపం అని ఖాయంగా తేలితే, అప్పుడు మీకు వెతకాల్సింది ఆ ఒక్క అక్షరమే. ఉందా లేదా, రెండే జవాబులు.

నాయినకు టెస్టు తప్పనిసరా? 50లోపు మొదలైతే, లేదా దగ్గరివాళ్లలో ఇంకొకరికి ఉంటే, లేదా ఆయన అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలైతే చేయించడం మంచిది. మీ నాయినకు 52లో మొదలైంది, అన్నకు కూడా ఉంది. అంచు మీద ఉన్నారు. పెదనాయినది నిజంగా అదే రోగమని తేలితే చేయించమనే అంటాను. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ ఉంది. ఎల్బీనగర్‌లో ఉంటున్న మీకు ఉప్పల్ ఎంత దూరం? టెస్టుకు ముందే జెనెటిక్ కౌన్సెలర్‌తో గంటసేపు కూర్చోండి. ఏ ఫలితం వస్తే ఏం చేస్తారో ఆ గంటలోనే తేల్చుకోవాలి.

ఫలితం వస్తే ఇప్పటికిప్పుడు నాయిన మందు మారుతుందనుకోకండి. చాలావరకు మారదు. కొన్ని లోపాల మీద గురిపెట్టిన మందులు పరీక్షల దశలో ఉన్నాయి. వాటిలో ఒకటి మీ ఇంట్లో కూడా ఉండి ఉంటుంది: దగ్గు సిరప్‌లలో వేసే ఆంబ్రాక్సాల్. జీబీఏ జన్యువు తయారుచేసే ఎంజైమ్‌ను అది చురుకు చేస్తుందని కనిపెట్టి, బ్రిటన్‌లో రోగుల మీద పరీక్షిస్తున్నారు. అక్కడ ఇస్తున్న మోతాదు దగ్గు మోతాదుకు ఎన్నో రెట్లు. ఇది చదివి నాయినకు సీసాలకు సీసాలు తాగించకండి. దూలగొండి గింజల పొడి గురించి కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అందులో లెవోడోపా నిజంగానే ఉంది, కంపవాతానికి మన వైద్యంలో వాడేది అందుకే. కానీ ఆయన వేసుకునే మాత్రలోనూ ఉన్నది అదే. రెండూ కలిస్తే మోతాదు మించి చేతులూ కాళ్లూ మెలికలు తిరుగుతాయి. డాక్టరుకు చెప్పకుండా వద్దు.

చెల్లె పెళ్లి. అమ్మ భయాన్ని కొట్టిపారేయను. మన దగ్గర సంబంధాలు ఎంత చిన్న మాటకు చెడిపోతాయో నాకు తెలుసు. కానీ ఈ సంబంధం మేనబావది. మీ మేనమామ ఆరేళ్లుగా ప్రతి పండక్కీ, ప్రతి ఫంక్షన్‌కూ మీ నాయినను చూస్తూనే ఉన్నాడు కదా, ఆయన దగ్గర దాచడానికి ఇంకేం మిగిలింది?

లెక్క చెబుతాను. మామూలుగా జీవితకాలంలో ఈ రోగం వచ్చేది వందలో ఒకరిద్దరికి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు రెండు మూడు రెట్లు అంటారు. అంటే వందలో నలుగురైదుగురు, అదీ పెద్ద వయసులో. మిగతా తొంభై ఐదుమందికి రాదు. నాయినకు ఒకే జన్యువు లోపం ఉంటే ఈ లెక్క మారుతుంది. అప్పుడు కూడా ఎల్‌ఆర్‌ఆర్‌కే2 లోపం ఉన్నవాళ్లలో సగానికి పైగా ఎనభై ఏళ్లు వచ్చినా రోగం లేకుండానే ఉన్నారు. షుగరు, బీపీ ఉన్న ఇంటి పిల్లను చేసుకోవడానికి వెనకాడనివాళ్లు దీనికి భయపడడంలో అర్థం లేదు.

మేనరికం గురించి మాత్రం వేరే ప్రశ్న అడగాలి, అది చెల్లె గురించి కాదు. మీ తాత, నాయనమ్మ మేనరికమా? మేనమామ–మేనకోడలా? నాయిన రోగం రెండు ప్రతులూ చెడిన రకమైతే, అవి ఆయన తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి ఉంటాయి. అలాంటప్పుడు ఆయన పిల్లలందరికీ ఒక చెడ్డ ప్రతి తప్పకుండా వస్తుంది. ఒకటి ఉంటే మామూలుగా ఏమీ కాదు. మేనబావ దగ్గరా అదే ఉంటేనే వాళ్ల పిల్లలకు ముప్పు, అదీ నలుగురిలో ఒకరి లెక్కన. మేనబావ మీ అమ్మ వైపు మనిషి. మీ అమ్మకూ నాయినకూ పెళ్లికి ముందే చుట్టరికం ఉందా? ఉంటే ఈ ప్రశ్న బతికే ఉంటుంది, కౌన్సెలర్‌ను అడగండి. లేకపోతే చాలావరకు చచ్చిపోయినట్టే. 52లో మొదలైన రోగానికి ఆ రకం అయ్యే అవకాశం ఎలాగూ తక్కువే.

ఒక నోట్‌బుక్ తీసుకుని మీరే పటం గీయండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. రోగం ఉన్నవాళ్లకు లోపల నల్లగా నింపండి. దగ్గరి చుట్టాల పెళ్లికి రెండు గీతలు. ఎవరికి ఎన్నో ఏట మొదలైందో పక్కన రాయండి. తాతల తరం నుంచి మొదలుపెట్టి, పొలాల దగ్గర తగాదాపడి మాటలు మానేసిన శాఖను కూడా వదలకుండా గీయండి. ఎవరైనా నలభైలోపే వణుకుతోనో, మాట ముద్దగా రావడంతోనో బాధపడి, పచ్చకామెర్లు కూడా వచ్చి పోయారా అని అడగండి. ఉంటే అది విల్సన్ జబ్బు కావచ్చు. ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు, అదీ రెండు ప్రతుల రకమే, మేనరికాల్లో కనిపిస్తుంది. జన్యువులతో వచ్చినా మందులతో అదుపులోకి వస్తుంది. అందుకే దాన్ని వెతకకుండా వదలకూడదు. ఈ పటం పట్టుకుని వెళితే ఏ న్యూరాలజిస్టయినా మీకు ఇంకో పది నిమిషాలు ఎక్కువ ఇస్తారు.

పరిశోధనకు రక్తం ఇవ్వాలా అంటే, ఇవ్వమనే నా సలహా. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టాల్లో రెండు మూడు చెంచాల రక్తం, అంతే. కానీ ఒకటి స్పష్టంగా ఉండాలి. పరిశోధనకు ఇచ్చే రక్తం మీ జవాబు కోసం ఇచ్చేది కాదు. వందలమంది రక్తం కలిపి చూస్తారు, ఏళ్లు పడుతుంది, మీ ఇంటికి రిపోర్టు రాకపోవచ్చు. రిపోర్టు కావాలంటే ఆసుపత్రి టెస్టు విడిగా చేయించుకోవాల్సిందే. సంతకానికి ముందు కాగితం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, పేరు తీసేసి కోడ్ నంబరు వేస్తారా, రక్తం ఎక్కడ దాస్తారు, వేరే దేశానికి పంపుతారా, ఇంటివాళ్లకు పనికొచ్చే సంగతి ఏదైనా బయటపడితే చెబుతారా, చెప్పవద్దంటే ఊరుకుంటారా, ఇవన్నీ అందులో ఉండాలి. మధ్యలో మానుకుంటానంటే కారణం అడగకుండా ఒప్పుకోవాలి, దానివల్ల నాయిన వైద్యంలో తేడా రాకూడదు. డబ్బు కట్టమంటే అది పరిశోధన కాదు, లేచి వచ్చేయండి. పేరు బయటికి పోదు కాబట్టి అమ్మ భయానికి కూడా ఇక్కడే సమాధానం ఉంది. ఆమెను వెంట తీసుకెళ్లి ఆ మాట డాక్టరు నోటితోనే చెప్పించండి.

మీ రక్తం ఎందుకంటే, పోల్చి చూడడానికి. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, ఫలితం నాకు చెప్పవద్దని రాసి ఇవ్వండి. చెల్లెను ఇందులోకి లాగకండి. ఆమెకు కావాలంటే ఆమే అడుగుతుంది.

ఇక మీ ఉత్తరంలో నాకు తగిలిన ఒక లోటు. అమ్మ ఏమంటోందో రాశారు, ఊరివాళ్ల మాట రాశారు, డాక్టరు మాట రాశారు, మీ భయం రాశారు. నాయిన ఏమన్నాడో ఎక్కడా లేదు. రక్తం ఆయనది. ఆ కాగితం మీద ఆయన తరఫున మీరు పెట్టే సంతకం చెల్లదు, చదివి వినిపించి ఆయనతోనే పెట్టించాలి. బ్యాంకులో సంతకం కలవకపోవడానికి కారణం, ఈ రోగంలో అక్షరాలు రాసేకొద్దీ చిన్నవైపోవడం. రాయలేకపోవడం కాదు. పొద్దున మాత్ర టిఫిన్‌కు అరగంట ముందు వేయించండి. గంటలోపు చెయ్యి కుదురుకుంటుంది. అప్పుడు గీతలున్న కాగితం, కాస్త లావుపాటి పెన్ను ఇచ్చి, "నాయినా, పెద్దగా రాయి" అనండి.